ఆపి అడుగు, అడిగి రాసుకో

చిరంజీవి బుజ్జికి, మేనత్త దీవించి రాసేది.

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, కొత్త కార్డు వీడీపీఏ డ్రైవర్‌లో లైవ్ మైగ్రేషన్ పని, అంటే వర్చువల్ మెషీన్‌ని నడుస్తుండగానే ఇంకో సర్వర్‌కి మార్చే పని, నీకే అప్పజెప్పారని చెప్పాడు. వీడీపీఏ అంటే వర్చువల్ మెషీన్ రింగులను కార్డే నేరుగా చదివి రాసే పద్ధతి. వాడికి అందులో అర్థమైంది గోరంతే, గొంతులో గర్వం మాత్రం కొండంత. నాకూ అంతే. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. డ్రైవర్ క్రాష్ అవుతుందేమోనని కాదు. క్రాష్ అయ్యేది ఎక్కడ పడిందో చెప్పి మరీ పడుతుంది. నా భయమంతా చప్పుడు చేయకుండా ఎనిమిదేసి బఫర్లు (డేటా పెట్టే మెమొరీ ముక్కలు) మింగే డ్రైవర్ గురించే. అందుకే ఈ ఉత్తరం. పని మొదలుపెట్టే ముందే చదువు, బగ్ వచ్చాక వెతుక్కోకు.

తెలిసినవి గబగబా చెప్పేస్తాను. గెస్ట్ (వర్చువల్ మెషీన్), డివైస్ (ఇక్కడ కార్డు) బఫర్లు ఇచ్చిపుచ్చుకునే క్యూకి రెండు రూపాలు: స్ప్లిట్ రింగు, ప్యాక్డ్ రింగు. స్ప్లిట్ రింగుతో మొదలుపెట్టు. క్యూ సైజు 2కి ఏదో ఒక ఘాతం (128, 256 లాంటిది) అయి ఉండాలి, 32,768 దాటకూడదు. 256 సైజు క్యూకి డిస్క్రిప్టర్ టేబుల్ (బఫర్ల అడ్రసులు) 4,096 బైట్లు, అవైల్ రింగ్ (గెస్ట్ ఇచ్చిన బఫర్ల జాబితా) 518, యూజ్డ్ రింగ్ (డివైస్ తిరిగిచ్చిన వాటి జాబితా) 2,054. ఈ మూడూ గెస్ట్ మెమొరీలోనే ఉంటాయి, దానితోపాటే అవతలి మెషీన్‌కి చేరతాయి. అక్కడ లేని ముఖ్యమైన అంకె ఒక్కటే: డివైస్ అవైల్ రింగులో ఎక్కడిదాకా వచ్చింది అన్నది. లాస్ట్ అవైల్ ఇండెక్స్ అంటారు, 16 బిట్లు. నీ ఉద్యోగం చాలావరకు ఆ రెండు బైట్ల చుట్టూ తిరగడమే.

ఆ ఇండెక్సులు 256 దగ్గర సున్నా కావు. 65,535 దాకా పెరిగి అప్పుడు చుట్టు తిరుగుతాయి. గది నంబరు కావలసినప్పుడే 256తో భాగించి శేషం తీసుకోవాలి. తీసివేతలన్నీ 16 బిట్లలోకి కుదించి చెయ్యి: అవైల్ 3, యూజ్డ్ 65,534 అయితే తేడా 5 రావాలి. కుదించడం మరిచిపోతే సీ భాష దాన్ని పెద్ద ఇంటిజర్‌గా లెక్కేసి మైనస్ 65,531 చేతిలో పెడుతుంది. టెస్ట్‌లో ఈ చుట్టు కనీసం రెండుసార్లు తిరగనివ్వు. కొన్ని వేల ప్యాకెట్లు పంపి "పాస్" అని రాస్తే ఊరుకోను.

ఇక అసలు సంగతి. ఇది నేను చేసిన తప్పే. ఎక్కడ, ఎప్పుడు అన్న కథ వద్దులే, తప్పు ఎలా ఉంటుందో చూడు చాలు.

2008లో రస్టీ రసెల్ వర్టియో (గెస్ట్‌కీ డివైస్‌కీ మధ్య ఈ రింగుల ఒప్పందం) పేపరు వచ్చిన నాటికి రింగుకి అవతల కూర్చున్నది సాఫ్ట్‌వేరే. థ్రెడ్‌ని ఆపితే ఆగేది, అడిగితే చెప్పిన అంకె నిజమయ్యేది. ఒక బఫర్ తీసుకునేది, పని చేసేది, తిరిగిచ్చేది. మా కాలం వాళ్ళం ఆ అలవాటుతోనే హార్డ్‌వేర్ దగ్గరికి వచ్చాం. కార్డు తీరు వేరు. ఒక్కో డిస్క్రిప్టర్ కోసం పీసీఐఈ (కార్డునీ మెషీన్‌నీ కలిపే దారి) దాటి వెళ్ళి రావడం దండగ కనుక ఒక్క గుక్కలో ఎనిమిదో పదహారో ముందే తెచ్చి పెట్టుకుంటుంది. అంటే దాని లోపల రెండు అంకెలుంటాయి: ఎక్కడిదాకా తెచ్చుకుంది, ఎక్కడిదాకా వాడింది. ఇస్త్రీ బండి దగ్గరున్న లెక్క లాంటిదే. బండి మీదికెక్కిన బట్టలు వేరు, మడతపెట్టి నీ చేతికిచ్చిన బట్టలు వేరు. రెండింటినీ కలిపి ఒక్క అంకె చెప్తే ఎవరి చీరో ఎగిరిపోయినట్టే.

అంకెలేసి చూద్దాం. రిసీవ్ క్యూ, సైజు 256. మైగ్రేషన్ వేళకి యూజ్డ్ ఇండెక్స్ 1,032. కార్డు ఎనిమిది డిస్క్రిప్టర్లు ముందే తెచ్చుకుంది కాబట్టి "అవైల్ ఎంత" అని అడిగితే 1,040 అంటుంది. నువ్వు నమ్మి రాసుకుంటావు. అవతలి కార్డు 1,040 నుంచి, అంటే రింగులో 16వ గది నుంచి మొదలుపెడుతుంది. 8 నుంచి 15 దాకా ఉన్న గదుల్లోని ఎనిమిది బఫర్లు దిక్కులేనివి. పాత కార్డు వాటిని తెచ్చుకుంది, వాడలేదు, ఇప్పుడు రీసెట్ అయిపోయింది. కొత్త కార్డుకి అవున్నాయనే తెలియదు. గెస్ట్ మాత్రం డివైస్ దగ్గర ఉన్నాయిలే అని కూర్చుంటుంది.

ఆ తర్వాత ఏమవుతుందన్నది కొత్త కార్డు యూజ్డ్ ఇండెక్స్‌ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అవైల్‌కీ యూజ్డ్‌కీ ఒకే అంకె పెట్టే రకమైతే వెంటనే గోల చేస్తుంది. మొదటి ప్యాకెట్ రాగానే యూజ్డ్ 1,041 అవుతుంది, గెస్ట్ 1,032 నుంచి తొమ్మిది ఎంట్రీలు చదువుతుంది, అందులో ఎనిమిది పోయిన చుట్టులో రాసిన పాత ఎంట్రీలు. ఇది మంచి కార్డు, కనీసం అరుస్తుంది. గెస్ట్ మెమొరీ నుంచి 1,032 అని సరిగ్గా చదువుకునే రకమే ప్రమాదం. పింగ్ ఆగదు. ఐపెర్ఫ్ (నెట్‌వర్క్ వేగం కొలిచే సాధనం) అంకెలు బాగుంటాయి. 256 బదులు 248 బఫర్లున్నా నెట్‌వర్క్ హాయిగా నడుస్తుంది. పదిసార్లు మైగ్రేట్ చేసి సంతకం పెట్టేస్తారు. ప్రతిసారీ ఎనిమిది పోతే 32వ సారికి రింగు ఖాళీ. గెస్ట్ మాట్లాడగలదు, వినలేదు. ఎవరో రీబూట్ చేస్తారు, గెస్ట్ డ్రైవర్ క్యూని సున్నా నుంచి కట్టుకుంటుంది, అంతా బాగైపోతుంది, టికెట్ మూసేస్తారు. జబ్బుతోపాటు సాక్ష్యం కూడా తుడిచిపెట్టుకుపోవడం చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. క్యూ ఆగాక లాస్ట్ అవైల్‌లోంచి యూజ్డ్ తీసెయ్యి. నెట్‌వర్క్ క్యూలో అది సున్నా ఉండాలి. 8, 16, 24 అని మెట్లెక్కుతుంటే దొంగ దొరికినట్టే. గెస్ట్‌ని నడిపే క్యూఎము కూడా లోడ్ చేసేటప్పుడు ఈ తేడా చూస్తుంది కానీ క్యూ సైజు దాటితేనే ఎర్రర్ ఇస్తుంది. అప్పటికి కథ అయిపోతుంది. ఈ తీసివేతని నీ డ్రైవర్‌లో ఒక హెచ్చరికగా పెట్టు, రివ్యూలో ఎవరు వద్దన్నా తీసెయ్యకు.

ఈ గోతికి భయపడి కొందరు పక్క గోతిలో పడతారు: "యూజ్డ్ ఇండెక్స్‌నే ఇచ్చేద్దాం" అని, కార్డు ఆగకముందే చదివేస్తారు. నువ్వు 1,032 చదివిన క్షణానికే అది ఇంకో రెండు ప్యాకెట్లు పూర్తి చేసి 1,034 చేస్తుంది. కొత్త కార్డు ఆ రెండు బఫర్లనూ మళ్ళీ తీసుకుని మళ్ళీ తిరిగిస్తుంది. గెస్ట్ డీమెసేజ్‌లో "ఇన్‌పుట్.0: ఐడీ 37 ఈజ్ నాట్ ఎ హెడ్" లాంటి కెర్నెల్ లాగ్ లైను (ఆ నంబరు బఫర్ నేను ఇచ్చిందే కాదని గెస్ట్ అనడం) కనపడిందా, నేను గుర్తుకు రావాలి. ఆ లైను తర్వాత లినక్స్ డ్రైవర్ ఆ క్యూ పాడైందని గుర్తు పెట్టేసుకుంటుంది, రీసెట్ చేసేదాకా ముట్టుకోదు.

కాబట్టి వరుస తప్పకు. ముందు సస్పెండ్. చేతిలో ఉన్న పనిని కార్డు పూర్తి చెయ్యాలి, లేదా తెచ్చుకుని వాడనివాటిని వదిలెయ్యాలి. తర్వాత కార్డు రిజిస్టర్ ఒకటి చదువు. పీసీఐఈలో ఆ చదువుకి వచ్చే జవాబు, కార్డు అంతకుముందు పంపిన రాతలను దాటి రాలేదు. అంటే జవాబు చేతికందేసరికి యూజ్డ్ రింగ్ రాతలు మెమొరీకి చేరి ఉంటాయి. రిలాక్స్‌డ్ ఆర్డరింగ్ బిట్ (రాతలు వరుస తప్పొచ్చనే అనుమతి) పెట్టారంటే ఈ హామీ పోతుంది. ప్యాకెట్ డేటాకి పెట్టుకుంటే పెట్టుకున్నారు గానీ యూజ్డ్ ఇండెక్స్‌కీ, ఎంఎస్ఐఎక్స్ ఇంటరప్ట్‌లకీ ఆ బిట్ ఉండకూడదని ఫర్మ్‌వేర్ వాళ్ళ చేత కాగితం మీద రాయించుకో. అప్పుడు ఇండెక్స్ అడుగు, "వాడిన" అంకె కావాలని పేరు పెట్టి అడుగు. రీసెట్ అన్నిటికన్నా చివర. సస్పెండ్ చెయ్యని వీడీపీఏ డివైస్ చెప్పిన ఇండెక్స్‌ని క్యూఎమునే నమ్మదు, నువ్వెందుకు నమ్మాలి?

కార్డు ఎంతకీ "తెచ్చుకున్న" అంకే ఇస్తానంటే, సస్పెండ్ అయ్యాక గెస్ట్ మెమొరీలోని యూజ్డ్ ఇండెక్స్‌ని ఇచ్చెయ్యొచ్చు. నెట్‌వర్క్ కార్డు బఫర్లను వచ్చిన వరుసలోనే తిరిగిచ్చేదైతేనే సుమా. ట్రాన్స్‌మిట్‌లో ఒక ప్యాకెట్ రెండుసార్లు పోవచ్చు, పోనీ. బ్లాక్ డివైస్‌తో (డిస్కుతో) మాత్రం ఈ వేషం వెయ్యకు. ఏ, బీ, సీ అని మూడు రిక్వెస్టులు 10, 11, 12 దగ్గరున్నాయనుకో. డిస్కు సీని ముందు పూర్తి చేస్తుంది, యూజ్డ్ 11 అవుతుంది. 11 నుంచి మొదలుపెడితే బీ, సీ మళ్ళీ జరుగుతాయి, ఏ జరగనే జరగదు. ఎవరి ఫైలో రాయని రాతగా మిగిలిపోతుంది. బ్లాక్‌లో అన్నీ పూర్తయ్యేదాకా ఆగాలి, లేదా పూర్తికానివాటి హెడ్ నంబర్లు (మొదటి డిస్క్రిప్టర్ నంబర్లు) విడిగా మోసుకెళ్ళాలి. ఒక్క ఇండెక్స్ చాలదు.

డర్టీ పేజీల సంగతి, అంటే ఒకసారి పంపాక మళ్ళీ మారి, తిరిగి పంపాల్సిన మెమొరీ పేజీలు. కార్డు డీఎంఏతో (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా) రాసిన పేజీ ప్రాసెసర్ పేజీ టేబుల్స్‌కి తెలియదు. ఐఓఎంఎంయూకి (కార్డు వాడే మెమొరీ అడ్రసులను మార్చే యూనిట్‌కి) గానీ కార్డుకి గానీ డర్టీ ట్రాకింగ్ లేకపోతే క్యూఎములోని షాడో వర్ట్‌క్యూ వాడు. మైగ్రేషన్ నడుస్తున్నంతసేపూ గెస్ట్ రింగుకీ కార్డు రింగుకీ మధ్య క్యూఎము కూర్చుని ప్రతి యూజ్డ్ ఎంట్రీనీ తనే రాస్తుంది. వేగం తగ్గుతుంది, కానీ లెక్క తప్పదు. చివరి డర్టీ లెక్క సస్పెండ్ తర్వాతే తియ్యాలి. యూజ్డ్ రింగ్ పేజీ కూడా డర్టీయేనని మర్చిపోయేవాళ్ళున్నారు, నువ్వు కాకు.

అవతలి వైపు: రీసెట్, ఫీచర్లు, సైజు, అడ్రసులు, బేస్ (మొదలుపెట్టాల్సిన ఇండెక్స్), ఆ తర్వాతే డ్రైవర్ ఓకే (ఇక పని మొదలుపెట్టమనే స్టేటస్ బిట్). బేస్ ఇచ్చే ముందు డ్రైవర్ ఓకే పెడితే కార్డు సున్నా నుంచి పరుగు తీస్తుంది. మ్యాక్ అడ్రసు, వీల్యాన్, ఆర్‌ఎస్‌ఎస్ పట్టిక (ఏ ప్యాకెట్ ఏ క్యూకి పోవాలో చెప్పేది) రింగులో ఉండవు, కార్డు కడుపులో ఉంటాయి. వాటిని కంట్రోల్ క్యూ ద్వారా మళ్ళీ చెప్పించి, అప్పుడు డేటా క్యూలు తెరువు. ముందే తెరిస్తే ప్యాకెట్లు తప్పుడు క్యూలో పడతాయి. అన్నీ తెరిచాక ప్రతి క్యూకీ ఒక కిక్ (వచ్చి చూడమని కార్డుకి సంకేతం), గెస్ట్‌కి ఒక ఇంటరప్ట్, అడక్కుండానే ఇచ్చెయ్యి. ఒకటి ఎక్కువ కొడితే డ్రైవర్ వచ్చి చూసి, ఏమీ లేదని పోతుంది. ఒకటి తగ్గితే రెండు వైపులా నువ్వంటే నువ్వని ఎదురు చూస్తూ ఉండిపోతాయి.

ఆర్మ్ సర్వర్ల మీద పరీక్షిస్తారని మీ నాన్న అన్నాడు. అక్కడ ఆర్డర్ ప్లాట్‌ఫామ్ ఫీచర్, 36వ బిట్, కార్డు చూపించి తీరాలి. లేకపోతే గెస్ట్ ఇంకో ప్రాసెసర్‌తో మాట్లాడుతున్నట్టు తేలికపాటి బారియర్లు (రాతల వరుస కాపాడే ఆదేశాలు) వాడుతుంది. డిస్క్రిప్టర్ రాకముందే అవైల్ ఇండెక్స్ కార్డుకి కనపడొచ్చు. నీ టేబుల్ మీదున్న ఎక్స్86 డబ్బాలో ఈ బగ్ కనపడదు, కాబట్టి అక్కడ పాసైందని నాకు చెప్పకు.

ప్యాక్డ్ రింగు తర్వాత. అప్పుడు 15 బిట్ల ఇండెక్స్ పక్కన ఒక బిట్ వ్రాప్ కౌంటర్ (చుట్టు తిరిగినప్పుడల్లా మారేది) ఉంటుంది, అవైల్‌కొకటి, యూజ్డ్‌కొకటి, రెండూ 1తో మొదలవుతాయి. యూజ్డ్ ఇండెక్స్ గెస్ట్ మెమొరీలో ఎక్కడా ఉండదు, కార్డు చెప్పకపోతే తిరిగి రాదు. దాని గురించి విడిగా రాస్తాను, ఇప్పటికే మీ మావయ్య లైట్ ఆర్పమంటున్నారు.

రాత్రి రెండింటిదాకా ల్యాబ్‌లో కూర్చోకు. నిద్రమత్తులో హెక్స్ డంప్ చదివితే 8కి బీకి తేడా తెలియదు. మొదటి మైగ్రేషన్ అయ్యాక నాకు రెండే అంకెలు పంపు: లాస్ట్ అవైల్, యూజ్డ్. ఆ తర్వాత ఒకే గెస్ట్‌ని, మధ్యలో రీబూట్ చెయ్యకుండా, నలభైసార్లు అటూ ఇటూ తిప్పి, నలభయ్యో దాని అంకెలు కూడా పంపు.

నీ మేనత్త