కార్ల్‌సనా, స్లేవినా?

ప్రశ్న: ఐస్ హాకీలో ఎరిక్ కార్ల్‌సన్, జేకబ్ స్లేవిన్‌లలో ఎవరు మంచి డిఫెన్స్‌మన్ (వెనక ఉండి గోల్స్ పడకుండా అడ్డుకునే ఆటగాడు)? డిఫెన్స్ ఆడే మా పన్నెండేళ్ల అబ్బాయి ఎవరిని చూసి నేర్చుకోవాలి? ఎదుటివాడు వాణ్ణి పక్కనుంచి దాటిపోతున్నాడు.
– ఓ పాఠకుడు, టొరంటో

జవాబు: 2022-23లో శాన్ హోసేకి ఆడుతూ కార్ల్‌సన్ 101 పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి) సాధించి, ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ మూడోసారి అందుకున్నాడు. ఆ సీజన్‌లోనే అతని ప్లస్-మైనస్ (అతను ఆడుతుండగా జట్టు కొట్టిన గోల్స్‌కీ, తిన్న గోల్స్‌కీ తేడా) మైనస్ 26! జట్టు బలహీనమన్నది నిజమే. కానీ ముందుకు దూసుకెళ్లినప్పుడు పక్ (ఆడే రబ్బరు బిళ్ల) పోతే వెనక ఖాళీ మిగులుతుంది, ఆ రిస్కు అతని ఆటలోనే ఉంది. స్లేవిన్‌వి గోల్స్ తక్కువ. గుద్దడు, స్టిక్‌తో పక్ లాగేస్తాడు. 2020-21లో 52 మ్యాచుల్లో అతనికి పడింది ఒకే ఒక్క మైనర్ పెనాల్టీ (రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టే శిక్ష).

పిల్లవాడికి స్లేవినే సరి. దాటిపోవడానికి కారణం సాధారణంగా వేగం తక్కువ కావడం కాదు, దూరం తప్పడం. బ్లూ లైన్ (మన వైపు జోన్ మొదలయ్యే నీలి గీత) దగ్గరికి వచ్చేసరికి ఎదుటివాడికీ తనకీ మధ్య ఒక స్టిక్ పొడవే ఉండాలి. ఎక్కువుంటే వాడు తీరిగ్గా షాట్ కొడతాడు. చూపు పక్ మీద కాదు, ఛాతీ మీద: చేతులు మోసం చేస్తాయి, ఛాతీ చేయలేదు. వెనక్కి స్కేట్ చేస్తూ ముందే కాళ్లు అడ్డం వేస్తే అంతే, రెండో వైపు తలుపు తెరిచినట్టే. స్టిక్ ఒంటిచేత్తో, బ్లేడు మంచుకి ఆనించి, మధ్య దారి మూసి ఎదుటివాణ్ణి బోర్డ్స్ (రింక్ చుట్టూ ఉండే గోడ) వైపు నెట్టమనండి.