గజ్జల్లో ఎర్రగా ఉబ్బిన మచ్చలు: ట్యూబు రాస్తే తగ్గి, ఆపగానే మళ్ళీ ఎందుకొస్తున్నాయి?

గజ్జల్లో మచ్చలకి మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గి, ఆపగానే ఇంకా పెద్దగా పాకుతోందని, ఎందుకని ఒకరు అడిగారు. ముందుగా అనుమానించాల్సింది తామరనే, అంటే ఫంగస్ వల్ల చర్మానికి వచ్చే జబ్బు. ఆ ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసోల్, బీటామెథసోన్, మొమెటాసోన్ లాంటి పేరుంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. అది దురదనీ ఎరుపునీ అణుస్తుంది గానీ ఫంగస్‌ని చంపదు. పైగా అక్కడ చర్మానికి ఎదిరించే శక్తి తగ్గి, ఫంగస్ అడ్డూ అదుపూ లేకుండా పాకుతుంది. గజ్జల్లో చర్మం పల్చన కాబట్టి చారలు కూడా పడతాయి, అవి పూర్తిగా పోవు. దయచేసి ఇంకో ట్యూబు కొనకండి.

తామర మచ్చకి అంచు ఉబ్బి పొట్టు రేగుతుంది, మధ్యలో కాస్త తేరినట్టుంటుంది. స్టెరాయిడ్ పడ్డాక ఈ ఆకారం చెదిరిపోతుంది. అందుకే ఏం రాశారో డాక్టరుకి దాచకుండా చెప్పాలి, వీలైతే ట్యూబే తీసుకెళ్ళండి.

దద్దుర్లేమో అనుకుంటే మచ్చ చుట్టూ పెన్నుతో గీయండి. 24 గంటల్లోపు అక్కడ మాయమై వేరేచోట లేస్తే దద్దుర్లు, వాటికి పొట్టుండదు. పెదవులు, నాలుక వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మోచేతులు, మోకాళ్ళు, తలలో మందపాటి తెల్లటి పొట్టయితే సోరియాసిస్ కావచ్చు. మచ్చ మీద దూది ఆనించినా స్పర్శ తెలియకపోతే కుష్టు పరీక్ష చేయించాల్సిందే. దానికి మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. మచ్చ అంచున పొట్టు గీరి కేఓహెచ్ పరీక్ష (మైక్రోస్కోపు కింద చూసేది) చేస్తే ఫంగస్ ఉందో లేదో చాలావరకు తేలుతుంది. ఆ రోజు మచ్చ మీద ఏమీ రాసుకోకుండా వెళ్ళండి.

డాక్టరు ఫంగస్‌ని చంపే (యాంటీఫంగల్) క్రీము ఇస్తే మచ్చ వరకే రాసి ఊరుకోవద్దు, అంచు దాటి మరో 2 సెంటీమీటర్లు రాయాలి. చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే దాదాపు అర గ్రాము. అది వేళ్ళతో సహా రెండు అరచేతులంత చోటుకి చాలు. చాలామంది మచ్చ కనబడకపోగానే మానేస్తారు, తిరగబెట్టేది అక్కడే. మచ్చ పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు, మామూలుగా మరో 2 వారాలు, రాయాలి. మాత్రలు మాత్రం సొంతంగా వద్దు, కొన్ని లివర్‌ని దెబ్బతీయొచ్చు.

ఇక బట్టలు. మన దగ్గర వానాకాలంలో గదిలోనే తాడు మీద ఆరేసి, సగం తడి డ్రాయరు వేసుకుని పైన బిగుతు జీన్స్‌తో గంటసేపు బండి మీద ట్రాఫిక్‌లో కూర్చుంటాం. అలా ఉంటే ఏ క్రీమూ నిలబడదు. వదులు కాటన్ వేసుకోండి. లోదుస్తులు, టవళ్ళు 60 డిగ్రీల వేడినీళ్ళలో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, కుట్ల మీద బాగా ఇస్త్రీ చేయండి. ఇంట్లో, హాస్టల్ గదిలో ఇంకెవరికి దురదున్నా వాళ్ళకీ ఒకేసారి వైద్యం జరగాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.