అడ్రస్ మ్యాచ్ కాలేదని అలారం వస్తే

ప్రశ్న: నమస్తే సార్, హన్మకొండల ఒక ప్రైవేట్ ఆఫీసుల నెట్‌వర్క్ నేనే చూస్తా. పరకాల, నర్సంపేట బ్రాంచీల రౌటర్లు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌ల పెట్టినం. మెయిన్ లైన్ పోయి బ్యాకప్ మీదికి మారినప్పుడల్లా 'రౌటర్ అడ్రస్ మిస్‌మ్యాచ్' అని ఎర్ర అలారం వస్తది, రౌటర్ మాత్రం మంచిగనే నడుస్తది. మేనేజర్ సారు అలారం బంద్ పెట్టమంటున్నరు. పెట్టాలా?

జవాబు: వద్దు తమ్ముడూ, బంద్ పెట్టకు. ముందు ఆ అలారం ఓపెన్ చేసి అందులున్న రెండు అడ్రసులు రాసుకో, ఒకటి సాఫ్ట్‌వేర్‌ల నువ్వు ఎక్కించింది, ఇంకోటి మెసేజ్ ఎక్కడి నుంచి వచ్చిందో అది. రౌటర్‌కి ప్రతి ఇంటర్‌ఫేస్‌కీ (లైన్ తగిలించే పోర్టుకి) ఒక అడ్రస్ ఉంటది కదా, పరకాల రౌటర్‌ని 10.20.1.1 అని ఎక్కించినవ్ అనుకో, మెయిన్ లైన్ పోతే ట్రాప్ (రౌటర్ తనంతట తానే సాఫ్ట్‌వేర్‌కి పంపే మెసేజ్) బ్యాకప్ ఇంటర్‌ఫేస్ నుంచి పోతది, దాని మీద 10.20.9.1 అని ఉంటది, ఇదెవరిదో సాఫ్ట్‌వేర్‌కి తెల్వదు, అందుకే లొల్లి. లైన్ మారినప్పుడే వస్తుందంటున్నవ్ కాబట్టి నాకైతే ఇదే అనిపిస్తుంది.

రౌటర్‌ల లూప్‌బ్యాక్ (పోర్టు లేకుండ రౌటర్ లోపలనే ఉండే ఇంటర్‌ఫేస్) పెట్టి /32 అడ్రస్ (అదొక్కదానికే ఉండే అడ్రస్) ఇవ్వు, అది ఏ కేబుల్‌కీ కట్టి ఉండదు, ఏ లైన్ పోయినా డౌన్ కాదు. ట్రాప్ సోర్స్‌గా దాన్నే పెట్టు, సాఫ్ట్‌వేర్‌ల పాత ఎంట్రీనే ఆ అడ్రస్‌కి మార్చు, కొత్తది యాడ్ చేస్తే ఒకే రౌటర్ రెండుసార్లు కనపడ్తది. లూప్‌బ్యాక్‌కి రెండు లైన్ల మీదా రూట్ (పోయే దారి) ఉండాలె, ఫైర్‌వాల్‌ల యూడీపీ 161 (సాఫ్ట్‌వేర్ రౌటర్‌ని అడిగేది), 162 (ట్రాపులు వచ్చేది) పోర్టులు ఆ అడ్రస్‌కి ఓపెన్ ఉండాలె. ఇది మర్చిపోతే అలారం ఆగుతది గానీ ట్రాపులే రావు, నిజంగ లైన్ పోయినా ఆ ఖబర్ నీకు రాదు, అది ఇంకా డేంజర్.

రెండో అడ్రస్ ఆ రౌటర్ ఇంటర్‌ఫేస్ లిస్టులనే లేకుంటే మధ్యల నాట్ (దారిల అడ్రస్ మార్చి పంపుడు) ఉందేమో చూడు. బ్యాకప్ 4జీ మీద నడిస్తే ఆపరేటర్ దగ్గర అడ్రస్ మారిపోతది, అప్పుడు లూప్‌బ్యాక్ ఒక్కటే సాలదు, హెడ్డాఫీసుకి వీపీఎన్ టన్నెల్ (ఇంటర్నెట్ మీద మీ ఆఫీసుకే ఉండే ప్రైవేట్ దారి) వేసి ట్రాపులు అందులకెల్లి పంపాలె.

ఇంకోటి, ఐపీ అదే ఉండి మ్యాక్ (పరికరానికి కంపెనీ ఇచ్చే హార్డ్‌వేర్ అడ్రస్) వేరే కనపడితే ఆగకుండా ఏఆర్పీ టేబుల్ (ఏ ఐపీకి ఏ మ్యాక్ ఉందో చెప్పే లిస్టు) చూడు. ఎవరో ఇంటికాడి వైఫై రౌటర్ తెచ్చి గోడ పోర్టుకి పెట్టి ఉంటరు, దాని అడ్రస్ మీ గేట్‌వేదే (ఆఫీసు నుంచి బయటికి పోయే రౌటర్‌దే) అయితే సగం ఆఫీసుకి నెట్ పోతది. స్విచ్ మ్యాక్ టేబుల్‌ల ఆ మ్యాక్ ఏ పోర్టుల ఉందో దొరుకుతది, ఆ పోర్టు షట్ చెయ్, తర్వాత కేబుల్ పట్టుకొని మనిషి దగ్గరికి పో.