తాతగారి ఇంటిని కళాకేంద్రానికి ఇవ్వండి, గిఫ్ట్ డీడ్ మాత్రం రాయకండి

ప్రశ్న: చెన్నై ట్రిప్లికేన్‌లో మా తాతగారు కట్టించిన పాత మండువా ఇల్లు ఉంది, వందేళ్లకు దగ్గరపడింది. నాన్నగారు వీలునామా రాయకుండానే పోయారు, తర్వాత అమ్మ కూడా పోయింది. అన్నయ్య హైదరాబాద్‌లో, చెల్లెలు అమెరికాలో, నేను ఇక్కడే ఉంటున్నాం. మా వీధిలోని తెలుగువాళ్ల సంఘం ఒకటి ఇల్లు బాగుచేయించి సంగీతం, నాట్యం, హరికథ, పిల్లలకు తెలుగు తరగతులు నడుపుతాం, గిఫ్ట్ డీడ్ రాసివ్వండి అంటోంది. చెల్లికీ నాకూ ఇష్టమే. అన్నయ్య ఒకసారి ఫోన్‌లో సరే అన్నాడు, ఇప్పుడు ఏమీ తేల్చడం లేదు. మా ఇద్దరి సంతకాలు చాలవా? హెరిటేజ్ బిల్డింగ్ అని రాసుకుంటే గవర్నమెంటు ఇల్లు తీసేసుకుంటుందా?

జవాబు: అమ్మా, మీ ఉద్దేశం చాలా మంచిది. మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో దీక్ష చేసి పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న కన్నుమూశారు, అక్కడ ఇప్పుడు స్మారక భవనం ఉంది, తెలుగు సభలు జరుగుతుంటాయి. అలాంటి చోట్లు ఈ ఊళ్లో ఇంకా కావాలి. అందుకే మీ ఇల్లు దావాల్లో చిక్కుకోకూడదని గట్టిగా చెబుతున్నాను: గిఫ్ట్ డీడ్ మీద సంతకం పెట్టకండి.

ఒకసారి రిజిస్టరైతే, మీకు నచ్చలేదనో, సంఘంలో కొత్త కమిటీ వచ్చి కళాకేంద్రాన్ని కల్యాణమండపంగా మార్చిందనో ఇల్లు వెనక్కి తీసుకోలేరు. ఫలానాది జరిగితే గిఫ్టు రద్దు అని ముందే ఇరువైపులా ఒప్పుకుని ఉంటే తప్ప దారి ఉండదు, ఆ షరతు కూడా మీ ఇష్టాయిష్టాల మీద ఆధారపడేది కాకూడదు. పైగా ఇద్దరి సంతకాలతో ఇల్లంతా ఇవ్వడం కుదరదు. మీ నాయనమ్మగారు నాన్నగారి కంటే ముందే పోయారనుకుంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురికీ తలా మూడో వంతు. పెళ్లయిన ఆడపిల్లలన్న తేడా ఏమీ లేదు. అన్నయ్యగారి వాటాను ఫోన్‌లో అన్న "సరే" బదిలీ చేయదు. రేపు ఆయన వాటా పంచమని పార్టిషన్ దావా వేసి, కోర్టు నుంచి ఇంజంక్షన్, అంటే పనులు ఆపమనే ఉత్తర్వు తెస్తే తరగతులు ఆగిపోతాయి, సంఘం పెట్టిన డబ్బూ ఇరుక్కుంటుంది.

"గిఫ్టు వద్దులెండి, ఊరికే వాడుకోండి" అని తాళాలు ఇచ్చేద్దామనుకుంటారేమో, అది ఇంకా ప్రమాదం. చాలామందికి తెలియని సెక్షన్ ఒకటుంది, 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో 60వది. మీ అనుమతిని నమ్ముకుని అవతలివాళ్లు సొంత ఖర్చుతో శాశ్వతమైన కట్టడం, అంటే స్టేజీయో టాయిలెట్లో కట్టుకుంటే, ఆ అనుమతిని తర్వాత రద్దు చేయడం కుదరదని వాళ్లు వాదించొచ్చు. మంచితనంతో నోటిమాటగా ఇచ్చిన ఇల్లు ఇలాగే చేజారిపోతుంది.

కాబట్టి లీజు ఇవ్వండి, పదేళ్లకు, ముగ్గురి సంతకాలతో. అద్దె నామమాత్రంగా ఉన్నా ఫరవాలేదు గాని అంకె మాత్రం రాయండి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, తమిళనాడులో 2017 నాటి అద్దె చట్టం కింద రెంట్ అథారిటీ దగ్గర కూడా నమోదు చేయించాలి. సంఘం 1975 నాటి తమిళనాడు సొసైటీల చట్టం కింద రిజిస్టరయిందా, లీజుకు కమిటీ తీర్మానం చేసిందా అని కాగితాలు అడిగి తీసుకోండి. రిజిస్ట్రేషన్ లేని సంఘమైతే రేపు అద్దె ఎవరిని అడగాలో, ఎవరిని ఖాళీ చేయించాలో కూడా తేలదు.

లీజులో మరమ్మతుల గురించి రాసే పేరా మీద అందరికంటే మీరే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. మీది మద్రాస్ టెర్రస్ అయివుంటుంది: టేకు దూలాల మీద చిన్న ఇటుకలు నిలబెట్టి సున్నంతో వేసిన కప్పు. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ ఉబ్బి పెచ్చులూడుతుంది. ఏసీ పైపుల కోసం దూలానికి చిల్లు పెడితే కప్పుకే ముప్పు. అందుకని "దూలాలు, స్తంభాలు, మండువా, వీధి అరుగు మార్చకూడదు, గోడలకు సున్నమే వాడాలి, ఏ పనికైనా ముందు యజమానుల రాతపూర్వక అనుమతి ఉండాలి, గడువు అయ్యాక కట్టినవాటికి పరిహారం అడగకూడదు" అని స్పష్టంగా రాయించండి. ఫొటోలు తీసి లీజుకే జతచేయండి.

చెల్లెలు రానక్కర్లేదు. అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపితే చాలు, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

అనుమతుల సంగతి సంఘం మీదే పెట్టండి. నివాసం నుంచి మరో వాడకానికి మార్చాలంటే ప్లానింగ్ పర్మిషన్ కావాలి, ఆస్తిపన్నూ కరెంటు టారిఫూ మారతాయి, ఆ తేడా వాళ్లే కట్టాలని లీజులో రాయండి. రాత్రి పది దాటాక మూసిన హాల్లో తప్ప మైకు వాడకూడదు, జాగ్రత్త. మండువా పైన ఆకాశమే కాబట్టి అది మూసిన హాలని వాదించడం కష్టం.

హెరిటేజ్ భయం వదిలేయండి. జాబితాలో చేరినంత మాత్రాన యాజమాన్యం మారదు. అమ్ముకోవచ్చు, అద్దెకివ్వొచ్చు. కూల్చాలన్నా రూపం మార్చాలన్నా మాత్రం ముందు అనుమతి కావాలి. ఇల్లు నిలవాలని కోరుకునే మీలాంటివాళ్లకు అది మేలే.

ఇక అన్నయ్యగారు. ఆయన వాటా వదులుకుంటే కుటుంబసభ్యుల మధ్య రిలీజ్ డీడ్‌కు స్టాంపు ఖర్చు బయటివాళ్లకు అమ్మినదానికంటే బాగా తక్కువ. బయటివాళ్లకు అమ్మజూపితే ముందు కొనుక్కునే హక్కు మీ అక్కచెల్లెళ్లకు ఉంది. కొన్నవాళ్లు నివాస గృహంలోకి జొరబడకుండా కూడా చట్టం కాపాడుతుంది, కానీ ఇల్లు కళాకేంద్రంగా మారాక అది నివాసమేనని చెప్పడం కష్టమవుతుంది, అందుకే వాటాల సంగతి తేలాకే తాళాలు ఇవ్వండి. ముందు తహసీల్దార్ ఆఫీసులో వారసుల సర్టిఫికెట్‌కు పెట్టుకోండి, సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఈసీ, అంటే ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ తీయించండి, లీజు డ్రాఫ్టు అన్నయ్యగారికి మెయిల్ చేసి జవాబు రాతలో అడగండి. అప్పటికీ మాట్లాడకపోతే లాయర్ నోటీసు కంటే ముందు, మీ ఇద్దరికీ గౌరవమున్న పెద్దవాళ్లెవరినైనా తీసుకుని హైదరాబాద్ వెళ్లి ఎదురుగా కూర్చుని అడగండి.