పూసల డబ్బా పక్కన పెట్టి ఇది చదువు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సెలవుల్లో మీ ఇంటి ముందుగదిలో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకుని బొమ్మలు చేయిస్తావట, ఆటలు ఆడిస్తావట, అప్పుడే తొమ్మిదిమంది పేర్లు ఇచ్చేశారట, అందులో రెండేళ్ల వాళ్ల దగ్గర్నుంచి ఆరేళ్ల వాళ్ల దాకా ఉన్నారట. ఆ మాట విన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మా పిల్ల ఎంత మంచి పని తలపెట్టిందో అని ఒకపక్క పొంగిపోయాను, ఇంకోపక్క గుండెల్లో రాయి పడింది. ముప్పై ఏళ్లు చిన్నపిల్లల మధ్యే బతికిన పెద్దమ్మ ఉండగా ఒక్క మాట అడగలేదే అని కోపం కూడా వచ్చింది, అది తెల్లారేసరికి పోయిందిలే.

మీ అమ్మ మురిసిపోతూ చదివిన సామాన్ల జాబితాలో రంగుపూసల డబ్బా, గ్లూ గన్, గ్లిట్టర్, నీళ్లలో వేస్తే ఉబ్బే జెల్ గోళీలు ఉన్నాయి. ఆ నాలుగూ ఇప్పుడే తీసి బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఎందుకో చెప్తాను, కానీ ముందు లేచి ఆ పని చేసి రా.

కింద పాత దుప్పటి పరవడం, పాత బట్టలేసి పంపమని చెప్పడం, చేతులు కడుక్కునే చోటు దగ్గరగా ఉండేలా చూడటం, ఎవరికి ఏది పడదో తల్లిదండ్రుల్ని ముందే అడిగి రాసిపెట్టుకోవడం, ఇవన్నీ నీకు తెలుసు. రెండేళ్ల వాళ్లనీ ఆరేళ్ల వాళ్లనీ ఒకే వేళకి రమ్మనకు. ఆరేళ్ల పిల్లకి కత్తెర కావాలి, గుండీలు కావాలి, గంటసేపు కదలకుండా ఒకే పని చేసుకుంటుంది. రెండేళ్ల వాడికి చేతికి దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకుని చూడాలి. ఒకరికి సామాను అయినది ఇంకొకరికి ప్రమాదం. ఇంకొకటి, రెండేళ్ల వాళ్లు కలిసి ఆడట్లేదు, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటున్నారు అని బెంగపడకు. ఆ వయసు ఆటే అలా ఉంటుందని 1932లోనే మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆవిడ పిల్లల్ని గమనించి రాసింది. వాళ్లని బలవంతంగా కలపకుండా, ఇద్దరుంటే రెండు డబ్బాలు, రెండు గరిటెలు పెట్టు, సగం ఏడుపులు తగ్గిపోతాయి.

టాయిలెట్ పేపర్ చుట్టి ఉండే అట్ట గొట్టం ఒకటి దాచుకో. మూడేళ్ల లోపు పిల్లలకి ఏది ఇవ్వాలన్నా ముందు ఆ గొట్టంలో వేసి చూడు. లోపలికి జారిపోయిందంటే అది వాళ్ల గొంతుకి అడ్డం పడగలదు, ఇవ్వకు. నేను ఆ గొట్టాన్ని ఇరవై ఎనిమిదేళ్లు నా బల్ల మీద పెట్టుకున్నాను. మొదటి రెండేళ్లు ఎందుకు పెట్టుకోలేదో ఇప్పుడు చెప్తాను. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా తెలియదు.

నేను పనిలో చేరిన రెండో ఏడు. తల్లిదండ్రులు వచ్చి చూసే రోజు దగ్గరపడింది. గోడ నిండా పిల్లలు చేసిన ఏనుగు ముఖాలు తగిలించాలని నా ఆశ. అట్ట పళ్లేనికి రంగు వేసి, చెవులు అతికించి, కాగితం మడిచి తొండం పెట్టి, కళ్లకి పూసలు. నాలుగేళ్ల పాప ఒకతె తన ఏనుగుకి రెండు చెవులూ ఒకే పక్క అతికించింది. ఇంకొకడి ఏనుగు తొండం నుదుటి మీదికి పోయింది. వాళ్ల అమ్మానాన్నలు చూసి ఈవిడ మా పిల్లలకి ఏమీ నేర్పలేదనుకుంటారేమో అని నాకు ఒకటే టెన్షన్. పిల్లలు నేల మీద ఆడుకుంటుంటే వాళ్లకి వీపు పెట్టి బల్ల దగ్గర కూర్చుని, ఆ చెవులు ఊడదీసి అటొకటి ఇటొకటి చక్కగా అతికించాను. దాంతో ఆగానా, ఇంకో అయిదారు ఏనుగులకి కళ్లు సరిచేశాను, అంచులు కత్తిరించాను. అరగంట పట్టింది. ఆ అరగంటా పూసల గిన్నె కింద, పిల్లల మధ్యే ఉంది.

ఆ పాప వచ్చి గోడ వైపు చూసి "నా ఏనుగు ఏది?" అని అడిగింది. అదే కదమ్మా అని చూపించాను. కాదంది. "నా ఏనుగు ఆ పక్క నుంచి వాళ్ల అమ్మ పిలుస్తుంటే వింటోంది" అంది. అందుకని రెండు చెవులూ ఒకే పక్క పెట్టుకుందమ్మా ఆ బంగారుతల్లి! నేను అడిగి ఉంటే చెప్పేది. నేను అడగలేదు. తను ఏడవలేదు, మారాం చెయ్యలేదు, కానీ మర్నాటి నుంచి ఏ పని ఇచ్చినా కుంచె నా చేతికి అందించి "మీరే వెయ్యండి" అనేది. ఆ ఏడాది చివరిదాకా అలాగే అంది. ఎంత బతిమాలినా, ఎన్ని రంగులు ముందు పెట్టినా, కుంచె మాత్రం నా వైపు చాపేది.

అది సగమే. అయిదు రోజుల తర్వాత మూడేళ్ల బాబు ఒకడి తల్లి వచ్చింది. వాడికి ఒక్క ముక్కులోంచే చీమిడి కారుతోందట, దగ్గరికి తీసుకుంటే భరించలేని కంపట, జలుబేమో అనుకుని మూడు రోజులు చూసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే లోపలి నుంచి నీలం పూస తీశారట. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ రోజు మీరు అక్కడే ఉన్నారు కదండీ?" అని మాత్రం అడిగింది. ఉన్నాను. ఏనుగుల చెవులు సర్దుతూ ఉన్నాను. ఆ ప్రశ్నకి ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు తల్లీ, ఇది రాస్తుంటే కూడా చెయ్యి వణుకుతోంది. వాడికి ఏమీ కాలేదు, పెద్దవాడై చక్కగా ఉన్నాడు. కానీ ఆ పూస ముక్కులోకి కాక గొంతులోకి పోయి ఉంటే?

అందుకే చెప్తున్నాను, నీ చూపు పిల్లల చేతుల మీద ఉండాలి, వాళ్లు చేస్తున్న వస్తువు మీద కాదు. వస్తువు ఎలా వచ్చినా ఫర్వాలేదు. ఒక్క ముక్కులోంచే కంపు కొట్టే చీమిడి వస్తోందంటే లోపల ఏదో ఉందని అనుమానించు, చిమటాతో లాగబోకు, ఇంకా లోపలికి పోతుంది, నేరుగా డాక్టరు దగ్గరికి పంపించు. గొంతులో ఏదైనా అడ్డం పడితే వీపు మీద ఎలా తట్టాలో, పొట్ట దగ్గర ఎలా నొక్కాలో, ఏడాది లోపు పిల్లలకి అదే పని వేరేగా ఎలా చెయ్యాలో తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని చేతులతో నేర్చుకో. ఫోన్‌లో చూసి వచ్చేసిందనుకోకు. పిల్లల్ని పిలిచే ముందే నేర్చుకోవాలి, తర్వాత కాదు.

జెల్ గోళీల సంగతి. అవి మింగితే కడుపులో కూడా నీళ్లు పీల్చుకుని ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి, చాలాసార్లు ఎక్స్‌రేలో కనపడను కూడా కనపడవు. ఆ డబ్బా పారెయ్యి, బీరువాలో కూడా వద్దు. పాట పాడే గ్రీటింగ్ కార్డులూ, మిణుకుమనే చిన్న లైట్లూ అలంకరణకి వాడదామనుకుంటావేమో, వాటిలో గుండీ అంత బ్యాటరీ ఉంటుంది, అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి కండని కాల్చేస్తుంది. అలాంటిది మింగాడని అనుమానం వచ్చినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. చిన్న చిన్న బలమైన అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్ని మధ్యలో పెట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఊదని బెలూన్లు, పగిలిన బెలూన్ ముక్కలు వద్దే వద్దు. మెడకి చుట్టుకుంటుంది కాబట్టి చిన్నవాళ్ల చేతికి జానెడు కంటే పొడుగు దారం ఇవ్వకు. నీళ్లాట అయిపోగానే టబ్బు బోర్లించు, నాలుగు వేళ్ల లోతు నీళ్లలో కూడా పసివాడు మునిగిపోగలడు, చప్పుడు కూడా వినపడదు. గ్లిట్టర్ కళ్లలో పడితే గీసుకుంటుంది. గ్లూ గన్‌లో జిగురు చెయ్యి కాలేంత వేడిగా వస్తుంది, అది నువ్వు రాత్రి ఒక్కదానివే ఉన్నప్పుడు వాడుకో.

ఇంతా చదివి భయపడి మానేస్తావేమో, వద్దమ్మా, మానకు. పిల్లలకి నిజంగా కావలసినవి చాలా తక్కువ. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ చిన్నపిల్లల కోసం బడి పెట్టినప్పుడు వాళ్ల చేతికి ఇచ్చినవి ఉన్ని బంతులు, చెక్క గోళం, చెక్క ఘనం లాంటివి, తర్వాత కాగితం మడతలు, కాగితం అల్లికలు, మట్టి. నీ జాబితా అంతకంటే పెద్దదిగా ఎందుకుండాలి?

పిండిముద్ద నువ్వే చేసుకో. రెండు గిన్నెల గోధుమపిండి, ఒక గిన్నె ఉప్పు, ఒక గిన్నె నీళ్లు, నీళ్లు మాత్రం కొద్దికొద్దిగా పోస్తూ చేతికి అంటుకోకుండా అయ్యేదాకా పిసుకు. ఆడుకోవడానికైతే చెంచా నూనె వెయ్యి, ఆరబెట్టి దాచుకునేదానికి నూనె వద్దు. చిటికెన వేలి కంటే మందంగా చేస్తే లోపల తడి ఉండిపోయి పగుళ్లిస్తుంది. నాలిక్కి తగిలితే ఉప్పగా ఉండి చాలామంది ఉమ్మేస్తారు, ఇష్టంగా తినేవాడు కూడా ఒకడుంటాడు, వాడిని నీ పక్కనే కూర్చోబెట్టుకో, అంత ఉప్పు చిన్న ఒంటికి మంచిది కాదు, పచ్చిపిండీ మంచిది కాదు. మీ కుక్కకి కూడా అది అందకూడదు. కొట్లో అమ్మే ప్లే డో సంగతి తెలుసా, అది మొదట్లో గోడ కాగితాల మీది మసి తుడిచే ముద్ద, పిల్లల చేతికి వెళ్లి 1956లో బొమ్మల మట్టి అయింది. ఆ కథ పెద్ద పిల్లలకి చెప్పు, నవ్వుతారు.

కత్తెర మొదటిసారి పట్టుకునేవాళ్లకి వేలెడు వెడల్పున్న గట్టి కాగితం ముక్కలివ్వు. ఒక్కసారి కత్తెర మూస్తే ముక్క తెగి కింద పడాలి, ఆ ఆనందం చూడాలి వాళ్ల ముఖంలో! పలచటి కాగితం ఇస్తే అది వంగిపోయి వాళ్లకి ఏడుపొస్తుంది. బొటనవేలు పైకి ఉండాలని చెప్తే చాలు. ఎడమచేతి వాళ్లుంటే వాళ్లకి వేరే కత్తెర తప్పకుండా కొను, మామూలు కత్తెరలో వాళ్లకి గీత కనపడదు, వాళ్లు మొద్దులు కారు. రంగులు ఒక పూటకి రెండే పెట్టు. పసుపూ నీలమూ పెట్టి ఊరుకో, ఆకుపచ్చ వచ్చిందని వాళ్లే అరుస్తారు. అన్ని రంగులూ ఒకేసారి పెడితే పది నిమిషాల్లో అంతా బురద రంగు. జిగురు సీసా చేతికివ్వకుండా మూతలో కొంచెం పోసి ఇవ్వు. నాలుగేళ్ల వాళ్లకి జిగురు కంటే కాగితంతో చేసిన మాస్కింగ్ టేప్ మేలు, వేళ్లతో చింపుకోవచ్చు, ఆరేదాకా ఆగక్కర్లేదు.

బాగా చేసినవాళ్లకి బహుమతులిస్తానన్నావట. అదొక్కటి నా మాట విను. 1973లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు బొమ్మలు వెయ్యడమంటే ఇష్టమున్న పిల్లల్ని తీసుకుని, కొందరికి ముందుగానే బొమ్మ వేస్తే పతకం లాంటి కాగితం ఇస్తామన్నారు. ఆ పిల్లలే తర్వాత తమంతట తాము బొమ్మలు వేసే సమయం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. చెప్పకుండా ఇచ్చిన పిల్లలకి అలా కాలేదు. నువ్వు చెయ్యాల్సింది పక్కన కూర్చుని ఇది ఎవరు, ఎక్కడికి వెళ్తోంది అని అడగడమే. వాళ్లు చెప్పింది ఆ కాగితం వెనకాల తేదీ వేసి రాసిపెట్టు. తల్లులు బొమ్మ కంటే ఆ రాతనే ఎక్కువ దాచుకుంటారు.

నీకు నాలుగేళ్లప్పుడు మా ఇంట్లో వాషింగ్ మెషిన్ వచ్చిన అట్టపెట్టె గుర్తుందా? మూడు రోజులు అందులోంచి బయటికి రాలేదు నువ్వు. బస్సన్నావు, తర్వాత ఓడన్నావు, నన్ను టికెట్ అడిగావు, చివరికి అందులోనే ముడుచుకుని నిద్రపోతే నేనూ మీ అమ్మా పెట్టెతో సహా నిన్ను ఎత్తి మంచం పక్కన పెట్టుకున్నాం. ఆ రోజు నేనేమీ నేర్పలేదు నీకు. ఒక కిటికీ కోసి ఇచ్చాను, అంతే. ఇప్పుడు నువ్వు పిల్లల్ని పోగేస్తున్నావంటే నాకు ఆ కిటికీలోంచి బయటికి పెట్టిన నీ ముఖమే కనపడుతోంది.

పెద్ద అట్టపెట్టె ఒకటి సంపాదించు, పిన్నులుంటే పీకెయ్యి, అంచులకి టేప్ వెయ్యి. తొమ్మిదిమందిని ఒక్కదానివే చూసుకోలేవు, ఒకరిని మరుగుదొడ్డికి తీసుకెళ్లినప్పుడు మిగతా ఎనిమిదిమందిని చూసేవాళ్లు కావాలి. మొదటి రోజు నేను వస్తున్నాను. కింద కూర్చోలేను కాబట్టి తలుపు దగ్గర ఒక ఎత్తుపీట వెయ్యి. అట్ట గొట్టం నా సంచీలోనే తెస్తాను.

మీ పెద్దమ్మ