పొట్ట చూసి ఆడచేప అనుకోవద్దు

ప్రశ్న: మాది గుణుపురం దగ్గర పల్లె. మూడేళ్లు దాటిన శీలావతి, బొచ్చె తల్లిచేపలు (గుడ్ల కోసం పెంచే ఆడ, మగ చేపలు) నలభై దాకా ఉన్నాయి. జూన్ ఆఖర్లో పొట్ట లావుగా ఉన్నవాటిని ఆడవని, సన్నగా ఉన్నవాటిని మగవని విడదీసి గుడ్లు పెట్టించే ఇంజెక్షన్ చేయించాను. శీలావతి మూడు జతల్లో ఒక్కటే గుడ్లు పెట్టింది, బొచ్చెలు అసలు పెట్టలేదు. ఒంటి ఆకారాన్ని నమ్మకూడదా?

జవాబు: సీజన్‌లో ఆకారం కొంత చెబుతుంది బాబూ, కానీ దాని ఒక్క మాటే నమ్మకూడదు. శీలావతిలో గుడ్లు నిండిన ఆడది పొట్ట దిగి గుండ్రంగా, మగది సన్నగా సాగినట్టు ఉంటాయి. బొచ్చె దగ్గర ఈ లెక్క తప్పుతుంది. దానికి పుట్టుకతోనే తల పెద్దది, ఒళ్లు వెడల్పు. బాగా మేసిన మగ బొచ్చె కూడా నిండు చూలాలిలా కనిపిస్తుంది.

పర్లాకిమిడి దగ్గర హేచరీలో పనికి చేరిన మొదటి ఏడు నేనూ ఇలాగే పొట్టను నమ్మాను. రాత్రంతా హాపా (చేపలతో గుడ్లు పెట్టించే వలగుడ్డ తొట్టి) దగ్గర కాపలా కాశాం, ఒక్క గుడ్డు లేదు. తెల్లారి ఆ ‘ఆడ’ బొచ్చెను ఎత్తి పొట్ట కింద వేలు ఆనించగానే తెల్లటి పాలు, అంటే మగచేప వీర్యం, నా మణికట్టు మీదుగా కారాయి. ఆ సీజన్‌లో మాకు ఉన్న మంచి మగచేప అది. ఆడదాని మోతాదు మందు దానికి ఎక్కించేశాం. ఆ బాధ నాకింకా పోలేదు.

అప్పటినుంచి ముందు రెక్క పట్టుకుంటాను. మొప్పల వెనకాల రెండు పక్కలా ఉండే రెక్క పైభాగాన్ని బొటనవేలితో రుద్దండి. మగదైతే పిల్లి నాలుక తగిలినట్టు గరగరలాడుతుంది, ఆడదైతే తడి అరిటాకులా జారుతుంది. ఈ గరుకు గుడ్లు పెట్టే కాలంలోనే తెలుస్తుంది, చలికాలంలో వెతికితే దొరకదు. తర్వాత పొట్ట కింద గుడ్లు, పాలు బయటికొచ్చే ద్వారం చూడండి. పండిన, అంటే గుడ్లు పెట్టడానికి సిద్ధమైన, ఆడదానికి ఉబ్బి గులాబీ రంగులో ఉంటుంది, మగదానికి లోపలికి ఉంటుంది.

పొట్టను మాత్రం ఆడదని తేలాక, పండిందో లేదో తెలుసుకోవడానికి చూడండి. ముందురోజు తవుడు, నూనెచెక్క మేత ఆపేయండి. మేత పొట్ట ముందువైపే ఉబ్బుతుంది, నొక్కితే గట్టిగా ఉంటుంది. గుడ్ల పొట్ట ద్వారం దాకా మెత్తగా దిగుతుంది. మీ శీలావతుల్లో రెండు జతలు పెట్టకపోవడానికి ఆడవి పచ్చిగా ఉండటమూ కారణం కావచ్చు. మన ఒడిశాలోని అంగుల్‌లోనే 1957 జులై 10న హీరాలాల్ చౌధురి బృందం పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) రసం ఇంజెక్షన్‌తో చేపలతో గుడ్లు పెట్టించింది. ఆ మందు పండిన చేపతో గుడ్లు పెట్టిస్తుంది గానీ పచ్చిదాన్ని రాత్రికి రాత్రి పండించలేదు.

ఒక ఆడదానికి రెండు మగవి వేయండి, ఆ రెండింటి బరువు కలిపి ఆడదాని బరువుకు దాదాపు సమానంగా పడేలా చూసుకోండి. పరీక్షించేటప్పుడు కళ్లు కప్పేలా తడిగుడ్డలో పట్టుకోండి, పొలుసు రాలితే అక్కడే బూజు పడుతుంది. వచ్చే ఏడు వేసవి మొదట్లోనే ఆడవాటిని ఒక చెరువులో, మగవాటిని ఇంకో చెరువులో వేసేయండి. ఇంజెక్షన్ రోజున ఇంత టెన్షన్ ఉండదు.