కంప్యూటర్ రాని అమ్మ ఇంట్లో ఏం చేయగలదు?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో చిన్న పట్టణం. నేను పదో తరగతి వరకు చదివాను, ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా ఆయన ఆటో నడుపుతారు. పాప ఏడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. స్కూల్లో వారానికి రెండు కంప్యూటర్ పీరియడ్లు ఉంటాయి, అందులో ఒకటే ల్యాబ్. పరీక్షలో 50కి 43 వచ్చాయి. కానీ మొన్న మా అక్క వాళ్లింట్లో కంప్యూటర్ ముందు కూర్చోబెడితే తన పేరు టైప్ చేసి సేవ్ చేయడం రాలేదు. మా ఇంట్లో ఉన్నది నా ఫోన్ ఒక్కటే. నాకు కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు. ఆన్‌లైన్‌లో కోడింగ్ నేర్పిస్తామని ఒకాయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఏడాదికి 38 వేలట, ఈఎంఐ కూడా ఉందట. చేర్పించమంటారా? నా వల్ల పాపకు ఏ సాయమూ కాదా అని దిగులుగా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ 38 వేల సంగతి తేల్చేద్దాం. చేర్పించకండి. ఏడో తరగతి పిల్లకు కావలసినవన్నీ ఉచితంగా దొరుకుతాయి. పైగా ఫైల్ సేవ్ చేయడం ఇంకా రాని పిల్లను యాప్‌లు తయారుచేసే కోర్సులో కూర్చోబెడితే, అవతలివాళ్లు చెప్పింది చెప్పినట్టు నొక్కడం తప్ప తనకు వచ్చేది ఏమీ ఉండదు. ఈఎంఐ మాత్రం నెలనెలా మీ మెడ మీద ఉంటుంది.

43 మార్కులు వచ్చిన పిల్లకు సేవ్ చేయడం రాలేదని మీరు కంగారుపడుతున్నారు. నాకు ఇందులో వింత ఏమీ కనిపించలేదు. పరీక్షలో అడిగేది సీపీయూ అంటే ఏమిటి, ఇన్‌పుట్ పరికరాలు ఐదు రాయండి అనే కదా. బాబిన్, షటిల్, ప్రెజర్ ఫుట్ అంటూ మిషన్ భాగాల పేర్లన్నీ గడగడా అప్పజెప్పే అమ్మాయి వచ్చిందనుకోండి, కొత్త జాకెట్ గుడ్డ తన చేతిలో పెడతారా? పెట్టరు. మీ పాపకు చదువు రాక కాదు, చేతికి పని తగలక ఇలా జరిగింది. చాలా బడుల్లో ఒక్కో కంప్యూటర్ దగ్గర ఇద్దరు ముగ్గురు పిల్లలుంటారు. చురుకైనవాళ్లు మౌస్ పట్టుకుంటారు, నెమ్మదస్తులు వెనక నిలబడి చూస్తారు. ఏడాదంతా అలా చూస్తూనే గడిచిపోయిన పిల్లలు ఎందరో ఉన్నారు.

అందుకే ల్యాబ్ ఉన్న రోజు సాయంత్రం "ఏం నేర్చుకున్నావ్" అని అడగకండి. "వర్డ్" అని ఒక్క మాట చెప్పి ఆడుకోవడానికి వెళ్లిపోతుంది. "ఇవాళ మౌస్ నీ చేతిలో ఎంతసేపు ఉంది?" అని అడగండి. "ఏం నొక్కావు, నొక్కితే ఏమైంది?" అని అడగండి. మీకు ఏమీ తెలియకపోవడం ఇక్కడ నిజంగా మేలే చేస్తుంది. తెలిసిన అమ్మానాన్నలు సగంలోనే అందుకుని చెప్పేస్తారు. మీరు ఒక్కో మెట్టూ అడుగుతారు కాబట్టి పాప ఒక్కో మెట్టూ విడమర్చి చెప్పాల్సి వస్తుంది. ఎక్కడ తడబడిందో అక్కడ తనకు రాలేదని తనకే తెలుస్తుంది. మౌస్ అసలు తన వంతుకే రావడం లేదని తేలితే, పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్‌తో మెల్లగా చెప్పండి. "పది నిమిషాలకొకసారి పిల్లల్ని మార్చగలరా మేడమ్" అంటే చాలు.

ఇక ఇంట్లో ప్రాక్టీసు సంగతి. మీది ఆండ్రాయిడ్ ఫోనే అనుకుంటున్నాను. మొబైల్ షాపులో ఓటీజీ అని అడిగితే చిన్న కనెక్టర్ ఇస్తారు. మీ ఛార్జర్ పిన్ను చూపించి దానికి సరిపోయేది తీసుకోండి. మీ ఫోన్‌కు ఓటీజీ పనిచేస్తుందో లేదో అక్కడే పెట్టించి చూడండి. దానికి మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే ఫోన్‌లోనే టైప్ చేసుకోవచ్చు. మౌస్ పెడితే స్క్రీన్ మీద బాణం గుర్తు కూడా వస్తుంది. కీబోర్డు మీద ఎఫ్, జె అక్షరాల దగ్గర చిన్న గీతలు వేలికి తగులుతాయి. చూపుడు వేళ్లు రెండూ అక్కడ ఆనించి, కీబోర్డు చూడకుండా రోజూ పావుగంట టైప్ చేయమనండి. మొదటి రెండు వారాలు విసుక్కుంటుంది, మాన్పించకండి.

టైపింగ్ అంత ముఖ్యమా అంటారేమో. ఎంసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని బీటెక్‌లో చేరిన పిల్లలు మొదటి ఏడాది సి అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్‌లో సెమీకోలన్ (;) ఎక్కడుందో ఒక్క వేలితో వెతుక్కుంటూ కూర్చోవడం నేను చూశాను. వాళ్లకు లెక్క తెలుసు, జవాబు కూడా తెలుసు. ఇంటర్ రెండేళ్లూ కంప్యూటర్ ముట్టుకోలేదు, అంతే. పక్కవాళ్లు ప్రోగ్రాం రన్ చేస్తుంటే వీళ్లు ఇంకా టైప్ చేస్తూనే ఉంటారు. నాకు రాదేమోనన్న భయం అక్కడే మొదలవుతుంది. చేతికి కీబోర్డు అలవాటై ఉంటే ఆ టెన్షన్ చాలావరకు ఉండేది కాదు.

టైపింగ్ కుదిరాక పాపకు నిజమైన పని ఒకటి అప్పజెప్పండి. మీ కుట్టు పని కంటే మంచిది ఏముంది? ఎవరి బ్లౌజు, ఎప్పుడు ఇచ్చారు, ఎప్పటికి కావాలి, కూలి ఎంత, అడ్వాన్సు ఎంత, బాకీ ఎంత అని మీ దగ్గర నోట్‌బుక్ ఉండే ఉంటుంది. దాన్ని గూగుల్ షీట్స్ అనే లెక్కల పట్టికల యాప్‌లో ఎక్కించమనండి. యాప్ ఉచితం. కూలిలోంచి అడ్వాన్సు తీసేస్తే బాకీ రావాలి. ఆ సూత్రం ఒక గడిలో రాసి కింది గడుల్లోకి కాపీ చేస్తే అన్ని వరుసలకూ లెక్క పడిపోతుంది. అది మొదటిసారి చూసినప్పుడు పిల్లల ముఖం ఎలా వెలుగుతుందో మీరే చూస్తారు.

తప్పులూ వస్తాయి, రానివ్వండి. ఉదాహరణకు ఒక గడిలో 300 అని కాకుండా "300 రూ" అని కొట్టిందనుకోండి. కంప్యూటర్‌కు అది అంకె కాదు, మాట. కింద మొత్తం వేసే సూత్రం ఆ గడిని లెక్కలోకి తీసుకోదు. మీ నోట్‌బుక్‌లో 2,450 ఉంటే తెర మీద 2,150 కనిపిస్తుంది. అప్పుడు మీరు "చూశావా, పుస్తకమే నయం" అనకండి. "మూడొందలు ఎక్కడ పోయాయో పట్టుకో" అనండి. ఒక్కో గడీ చూసుకుంటూ వెతికి పట్టుకోవడాన్నే సాఫ్ట్‌వేర్‌వాళ్లు డీబగ్గింగ్ అంటారు. వాళ్ల ఉద్యోగంలో పెద్ద భాగం అదే.

కోడింగ్, అంటే కంప్యూటర్‌కు ఏం చేయాలో వరుసగా రాసివ్వడం, కూడా మీ ఇంటి గుమ్మం ముందే ఉందమ్మా. ఏడు నుంచి నాలుగు సందు చుక్కల ముగ్గు వేస్తారు కదా. మధ్య వరుసలో ఏడు. దానికి పైనా కిందా సందుల్లో ఆరేసి, తర్వాత ఐదేసి, ఆఖరున నాలుగేసి. ప్రతి వరుసకూ ఒకటి తగ్గించు, నాలుగు రాగానే ఆపు. ప్రోగ్రామింగ్‌లో దీన్ని లూప్ అంటారు. పిల్లలకు దీన్నే కొత్త పాఠంలా చెప్పి భయపెడుతుంటాం. ఒక ఆదివారం పొద్దున ముగ్గు వేస్తూ మొత్తం ఎన్ని చుక్కలో లెక్కపెట్టకుండా చెప్పమనండి. 37 రావాలి. తొమ్మిది నుంచి ఐదు అయితే 61. పదమూడు నుంచి ఏడు అయితే 127. ఎలా వచ్చిందో మీకు చెప్పగలిగిందంటే ప్రోగ్రాం సగం రాసేసినట్టే.

మిగతా సగానికి స్క్రాచ్ ఉంది. అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంవాళ్లు 2007లో పిల్లల కోసం విడుదల చేశారు, పూర్తిగా ఉచితం. రంగురంగుల ముక్కలను ఒకదాని కింద ఒకటి తగిలిస్తే ప్రోగ్రాం అవుతుంది. ఒక్కసారి కంప్యూటర్‌లోకి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అందులోని పెన్ ముక్కలతో ఆ 37 చుక్కలూ తెర మీద పెట్టించవచ్చు. ఫోన్ చిన్న తెర మీద మాత్రం దీనితో అవస్థ పడాలి. నెలకు రెండు ఆదివారాలు మీ అక్క వాళ్లింటికి పంపండి. వెళ్లేముందు ఏం చేయాలనుకుంటుందో కాగితం మీద రాసుకోమనండి, లేకపోతే ఆ గంటా ఆటల్లో పోతుంది.

ముందు ముందు సొంతానికి కొనాలనుకుంటే కొత్త ల్యాప్‌టాప్ కోసం అప్పు చేయకండి. సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ చాలు. 8 జీబీ ర్యామ్ (పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ), ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డిస్కు) ఉన్నాయా, విండోస్ 11 (కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కుతుందా అని మూడు ప్రశ్నలు అడగండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఆ చివరి ప్రశ్న ముఖ్యం. విండోస్ 11 ఎక్కని పాత మిషన్ చవగ్గా దొరికితే, విండోస్ బదులు ఉచితంగా వచ్చే లినక్స్ వేయించుకోవచ్చు. కేరళ ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ల తరబడి దాని మీదే నేర్చుకుంటున్నారు.

ఫోన్ గురించి గొడవలు ప్రతి ఇంట్లో ఉన్నవే. గంటలు లెక్కపెట్టడం కంటే, ఫోన్ పక్కన పెట్టేటప్పటికి పాప చేతిలో ఏం తయారైందో చూడండి. కంప్యూటర్ పాఠాల వీడియోలు చూడటం కూడా చూడటమే, చేయడం కాదు. అడిగితే జవాబు రాసిచ్చే చాట్‌జీపీటీతో హోంవర్క్ చేయించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. దాన్ని నడిపే కంపెనీ నిబంధనల ప్రకారమే 13 ఏళ్లు నిండనివాళ్లు దాన్ని వాడకూడదు, 18 లోపు వాళ్లకు అమ్మానాన్నల అనుమతి ఉండాలి. ఒకవేళ ఎక్కడినుంచైనా తెచ్చిన జవాబులా అనిపిస్తే తిట్టొద్దు. "ఏడు బదులు తొమ్మిది పెడితే ఏమవుతుంది?" లాంటి ప్రశ్న ఒకటి వేయండి. సొంతంగా చేసిందైతే వెంటనే చెప్తుంది.

ఒక్క మాట మాత్రం పాపతో ముందే అనుకోండి. తెలియనివాళ్లు ఫోటో అడిగినా, ఏదైనా లింకు నొక్కేసినా, పొరపాటున ఓటీపీ చెప్పేసినా, "నిన్ను కొట్టను, ముందు నాకు చెప్పు" అని. పిల్లలు దెబ్బలకు భయపడి దాచిన గంటల్లోనే డబ్బు పోతుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పోతుంది. డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇక పాప భవిష్యత్తు. ఏడో తరగతిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరా కాదా అని తేల్చుకోవాల్సిన పని లేదు. పది తర్వాత పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి మూడేళ్ల డిప్లొమాలో కంప్యూటర్ ఇంజినీరింగ్ తీసుకోవచ్చు. పదో తరగతి మార్కులతో నూజివీడు ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల ఆరేళ్ల కోర్సుకు దరఖాస్తు చేయవచ్చు. ఇంటర్ ఎంపీసీ ఎలాగూ ఉంది. ఈ మూడు దారుల్లోనూ లెక్కలే గట్టిగా ఉండాలి, కాబట్టి కంప్యూటర్ కోసం లెక్కల ట్యూషన్ మాన్పించకండి. ఒకవేళ నర్సో, అకౌంటెంటో, టీచరో అయినా టైపింగ్, లెక్కల షీటు ఎక్కడికీ పోవు. ప్రభుత్వ టైప్‌రైటింగ్ పరీక్షలు కూడా ఉన్నాయి. ఇంగ్లిష్ లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45. పాపకు చేయి కుదిరితే ఇంటర్ సెలవుల్లో రాయించండి.

ఈ నెల కీబోర్డు, ఓటీజీ మాత్రం కొనండి. షీటు మొదలుపెట్టినా మీ నోట్‌బుక్ రాయడం ఆపకండి. మూడు నెలలు రెండూ పక్కపక్కన నడవనివ్వండి, నెలాఖరున ఇద్దరూ కూర్చుని సరిచూసుకోండి. ఆ కోడింగ్ ఆయన మళ్లీ ఫోన్ చేస్తే ఉచిత డెమో అంటాడు, సీటు ఇవాళే బుక్ చేసుకోవాలంటాడు. ఆధార్, పాన్ నంబర్లు చెప్పకండి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అసలే చెప్పకండి. కొన్ని చోట్ల వాటితోనే మీ పేరున లోన్ పెట్టేస్తారు.